ప్రాసెసర్ మార్చాక డిస్‌ప్లే రావట్లేదా? పాత ప్రాసెసర్ దగ్గర పెట్టుకుని ఇలా చూడండి

"కొత్త ప్రాసెసర్ వేశామండీ, ఫ్యాన్లు తిరుగుతున్నాయి, డిస్‌ప్లే మాత్రం రావట్లేదు." భీమవరం నుంచి అమలాపురం దాకా ఈ మాట వినని కంప్యూటర్ సర్వీస్ షాపు ఉండదు. పెళ్లి ఆల్బమ్‌లు చేసే స్టూడియోలు, ఫ్లెక్సీ షాపులు, నెట్ సెంటర్లు, రైస్ మిల్లు ఆఫీసులు, అన్నిచోట్లా ఆరేడేళ్ల నాటి మిషన్లే ఎక్కువ. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ అయిపోయింది. విండోస్ 11 అధికారికంగా ఎక్కాలంటే ఇంటెల్‌లో 8వ తరం, ఏఎమ్‌డీలో రైజెన్ 2000 సిరీస్ దగ్గర్నుంచి ఉండాలి. కంప్యూటర్ మొత్తం మార్చే బదులు ప్రాసెసర్ ఒక్కటే మార్చుకుందామనుకోవడం తెలివైన పనే. కాకపోతే మార్చిన రోజున స్క్రీన్ నల్లగా ఉండిపోతే టెన్షన్ మొదలవుతుంది.

ముందుగా ఒక్క మాట. ఇలాంటప్పుడు మదర్‌బోర్డో ప్రాసెసరో కాలిపోయిందని వెంటనే అనుకోకండి. చాలాసార్లు ఏదీ కాలదు. కొత్త ప్రాసెసర్‌ని బోర్డు గుర్తుపట్టకపోవడమో, ఒక కేబుల్ మర్చిపోవడమో, ర్యామ్ సరిగా కూర్చోకపోవడమో అయి ఉంటుంది. అసలు కారణం తేలాలంటే మీ దగ్గర ఉండాల్సిన అతి ముఖ్యమైన పనిముట్టు పాత ప్రాసెసర్. దాన్ని ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేయకండి, ఆన్‌లైన్‌లో అమ్మేయకండి. కొత్తది వేసి విండోస్‌లోకి వెళ్లి, వారం రోజులు ఇబ్బంది లేకుండా పనిచేశాక అమ్ముకోవచ్చు. వెయ్యి, రెండు వేలు ముందే చేతికొస్తాయని తొందరపడితే, రేపు బయోస్ (ఆన్ చేయగానే బోర్డులో మొదట నడిచే ప్రోగ్రాం) అప్‌డేట్ చేయడానికి ఎవరి దగ్గరైనా ప్రాసెసర్ అరువు తెచ్చుకోవాల్సి వస్తుంది.

మొదలుపెట్టే ముందు

స్విచ్ ఆపి, ప్లగ్ పీకేయండి. తర్వాత పవర్ బటన్‌ని పది సెకన్లు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంటు పోతుంది. క్యాబినెట్‌లో రంగు వేయని ఇనుప భాగాన్ని ఒకసారి చేత్తో ముట్టుకున్నాకే బోర్డు మీద చెయ్యి పెట్టండి. వానాకాలంలో మన గాలిలో ఉండే తేమకి స్టాటిక్ (రాపిడికి పుట్టే కరెంటు) తక్కువే పుడుతుంది గానీ, రోజంతా ఏసీ నడిచే స్టూడియో గదిలో ఆ ధీమా వద్దు. చెమట చేతులతో ప్రాసెసర్ కింది భాగం ముట్టుకోకండి, అంచులు పట్టుకోండి.

లోపల మీకు కనిపించేవన్నీ ఫోన్‌తో ఫోటోలు తీసుకోండి. ఏ కేబుల్ ఎక్కడుందో తర్వాత గుర్తుండదు.

ఇప్పుడు లక్షణం ఏమిటో సరిగ్గా చూడండి. బటన్ నొక్కితే ఏ చప్పుడూ లేదా? ఫ్యాన్లు తిరుగుతూ డిస్‌ప్లే మాత్రమే రావట్లేదా? ఆన్ అయి కొన్ని సెకన్లలో ఆగిపోయి మళ్లీ దానంతటదే ఆన్ అవుతోందా? లేక కంపెనీ లోగో వచ్చి విండోస్ దగ్గర ఆగిపోతోందా? ఈ నాలుగింటికీ కారణాలు వేరు. లోగో వచ్చిందంటే ప్రాసెసర్, ర్యామ్, బోర్డు ఒకదానితో ఒకటి పనిచేస్తున్నట్టే. అప్పుడు నేరుగా కింద విండోస్ గురించి రాసిన భాగానికి వెళ్లండి.

సాకెట్‌లో పట్టినంత మాత్రాన పనిచేయదు

ఎక్కువ మంది ఇక్కడే దెబ్బతింటున్నారు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. ప్రాసెసర్ సాకెట్‌లో చక్కగా కూర్చుంటే చాలనుకుంటాం. కానీ ఒకే సాకెట్ మీద కూడా తరాలు మారతాయి.

ఇంటెల్ ఎల్‌జీఏ 1151 సంగతి చూడండి. 6, 7 తరాలకి అదే సాకెట్, 8, 9 తరాలకీ అదే. అయినా హెచ్110, బి250 లాంటి పాత బోర్డుల్లో 8వ తరం ప్రాసెసర్ వేస్తే కూర్చుంటుంది గానీ పనిచేయదు. దానికి 300 సిరీస్ బోర్డు కావాలి. "మాది కూడా 1151 సాకెట్టే కదా" అని సెకండ్ హ్యాండ్‌లో ఐ5 8400 కొనేవాళ్లు ఇక్కడే చిక్కుకుంటారు. ఇక 300 సిరీస్ బోర్డు ఉన్నా, అది 9వ తరం రాకముందు తయారైన హెచ్310 అయితే 9వ తరం వేసేముందు బయోస్ అప్‌డేట్ కావాలి. ఎల్‌జీఏ 1200లో 10, 11 తరాలు వచ్చాయి, కానీ చాలా హెచ్410, బి460 బోర్డులు 11వ తరాన్ని తీసుకోవు. ఎల్‌జీఏ 1700లో 12, 13, 14 తరాలు నడుస్తాయి. అయితే 12వ తరం రోజుల్లో కొన్న హెచ్610 లేదా బి660 బోర్డుకి కొత్త బయోస్ ఎక్కించాకే 13, 14 తరాలు నడుస్తాయి.

ఏఎమ్‌డీలో ఏఎమ్4 సాకెట్ చాలా ఏళ్లు నడిచింది. అందుకే దాంట్లో వెసులుబాటు ఎక్కువ, గందరగోళమూ ఎక్కువే. 2019లో కొన్న బి450 బోర్డులో ఇప్పుడు రైజెన్ 5 5600 వేయాలనుకోవడం మంచి ఆలోచన. కానీ రైజెన్ 5000 సిరీస్ వచ్చింది 2020 నవంబరులో. 2019 నాటి బయోస్‌కి ఆ ప్రాసెసర్ అంటే ఏమిటో తెలియదు. ఫ్యాన్లు తిరుగుతాయి, డిస్‌ప్లే రాదు. దీనికి తిరగేసిన సమస్య కూడా ఉంది. బి550 బోర్డు కొత్తదే కదా, పాత ప్రాసెసర్లన్నీ నడుస్తాయనుకుని రైజెన్ 3 3200జి వేస్తే పనిచేయదు. ఆ బోర్డుకి దాని సపోర్ట్ లేదు.

అందుకే బోర్డు మీద అచ్చు వేసిన మోడల్ పేరు పూర్తిగా రాసుకోండి. అక్కడే చిన్న అక్షరాలతో రివిజన్ నంబర్ కూడా ఉంటుంది, దాన్నీ వదలకండి. ఆ మోడల్ పేరుతో బోర్డు కంపెనీ వెబ్‌సైట్‌లోకి వెళ్తే, సపోర్ట్ పేజీలో ప్రాసెసర్ల జాబితా ఉంటుంది. అందులో మీ కొత్త ప్రాసెసర్ పేరు, దాని ఎదురుగా ఏ బయోస్ వెర్షన్ నుంచి పనిచేస్తుందో రాసి ఉంటుంది. జాబితాలో పేరే లేదంటే ఇంకేం తిప్పలు పడక్కర్లేదు, ఆ ప్రాసెసర్ తిరిగి ఇచ్చేయండి. అమ్మినవాళ్లు "పడుతుంది" అన్నారని కాదు, జాబితాలో ఉందా లేదా అన్నదే లెక్క. నిజానికి ఈ పని ప్రాసెసర్ కొనకముందు చేయాల్సింది. హైదరాబాదు వెళ్లినవాళ్లతో సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్ నుంచి తెప్పించుకునేటప్పుడు మరీ ముఖ్యం, తిరిగి పంపడం అంత తేలిక కాదు.

బయోస్ పాతదైతే

ఇక్కడ పాత ప్రాసెసర్ అక్కరకొస్తుంది. కొత్తది తీసి, పాతది వేసి ఆన్ చేయండి. డిస్‌ప్లే వచ్చిందంటే బోర్డు, ర్యామ్, ఎస్‌ఎమ్‌పీఎస్ (కరెంటు అందించే డబ్బా), మానిటర్ అన్నీ బాగున్నాయని ఒక్క దెబ్బకి తేలిపోయింది. ఇక ముందుగా చూడాల్సింది బయోస్, కొత్త ప్రాసెసర్. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత పక్కాగా చెప్పే పరీక్ష ఇంకోటి లేదు.

బయోస్‌లోకి వెళ్లి వెర్షన్ నంబర్ చూడండి. ఎక్కువ బోర్డుల్లో ఆన్ చేయగానే డిలీట్ కీ నొక్కుతూ ఉంటే లోపలికి వెళ్తుంది. జాబితాలో రాసిన వెర్షన్ కంటే పాతదైతే, కంపెనీ సైట్ నుంచి ఫైల్ దించుకుని పెన్‌డ్రైవ్‌లో పెట్టి, బయోస్‌లో ఉండే అప్‌డేట్ టూల్‌తోనే ఎక్కించండి. పెన్‌డ్రైవ్‌ని ఫ్యాట్32లో ఫార్మాట్ చేయాలి. 32 జీబీ లేదా అంతకంటే చిన్నదైతే విండోస్‌లోనే ఆ పని అయిపోతుంది. డౌన్‌లోడ్ పేజీలో ప్రతి వెర్షన్ కింద రాసిన నాలుగు ముక్కలూ తప్పక చదవండి. కొన్ని బోర్డులకి నేరుగా చివరి వెర్షన్ ఎక్కదు, మధ్యలో ఒక వెర్షన్ ముందుగా వేయాలి. కొన్ని ఏఎమ్4 బోర్డుల్లో కొత్త బయోస్ వేస్తే మరీ పాత ప్రాసెసర్ల సపోర్ట్ పోతుంది. అది కూడా అక్కడే రాసి ఉంటుంది.

బయోస్ ఎక్కుతుండగా కరెంటు పోతే బోర్డు మొత్తానికే ఆగిపోవచ్చు. ఈ ఒక్క విషయంలో మన ప్రాంతంలో మరీ జాగ్రత్త పడాలి. యూపీఎస్ ఉంటే తప్ప మొదలుపెట్టకండి, ఆ యూపీఎస్ బ్యాటరీ నిజంగా ఆగుతుందో లేదో ముందు రోజే ప్లగ్ తీసి చూసుకోండి. తుఫాను హెచ్చరిక ఉన్న రోజున, లంక గ్రామాల్లో గోదావరి పొంగి లైన్లు ఆపుతున్న రోజుల్లో వాయిదా వేసుకోండి. చేపల, రొయ్యల చెరువుల మధ్య ఉన్న ఊళ్లలో రాత్రిపూట ఏరేటర్లన్నీ తిరిగే వేళ మీ లైన్‌లో వోల్టేజ్ పడిపోతుంటే, ఆ పని పగలే పెట్టుకోండి.

పాత ప్రాసెసర్ లేనివాళ్లకి ఒక దారి ఉంది, అన్ని బోర్డులకీ కాదు. వెనక వైపు యూఎస్‌బీ పోర్టుల దగ్గర ఫ్లాష్‌బ్యాక్ అనో, క్యూ-ఫ్లాష్ ప్లస్ అనో రాసిన చిన్న బటన్ ఉందేమో చూడండి. ఉంటే ప్రాసెసర్ లేకుండానే బయోస్ ఎక్కుతుంది. ఫైల్ పేరు మాత్రం ఆ కంపెనీ చెప్పిన విధంగానే మార్చాలి. ఎమ్‌ఎస్‌ఐ బోర్డులకి ఒక పేరు, గిగాబైట్‌కి ఇంకో పేరు, ఆసుస్‌కి పేరు మార్చే చిన్న ప్రోగ్రాం ఫైల్‌తో పాటే వస్తుంది. పెన్‌డ్రైవ్‌ని గుర్తు పెట్టిన పోర్టులోనే గుచ్చి, బటన్ నొక్కి, లైట్ మిణుకుమనడం ఆగేదాకా ముట్టుకోకండి. కొన్ని నిమిషాలు పడుతుంది.

ఒక కేబుల్, ఒక పోర్టు

బయోస్ సరిపోయిందని తేలాక కూడా డిస్‌ప్లే రాకపోతే, చిన్నవిగా కనిపించే రెండు చోట్లు చూడండి. ఒకటి, బోర్డుకి పైన ఎడమ మూలన ప్రాసెసర్ దగ్గర ఉండే 4 లేదా 8 పిన్నుల కరెంటు కనెక్టర్. హీట్‌సింక్ (ప్రాసెసర్‌ని చల్లబరిచే లోహపు దిమ్మ) బిగించేటప్పుడు అడ్డమని దాన్ని తీసి, మళ్లీ పెట్టడం మర్చిపోతారు. పెద్ద 24 పిన్నుల కేబుల్ ఉంటే ఫ్యాన్లు తిరుగుతాయి, లైట్లు వెలుగుతాయి. ప్రాసెసర్‌కి మాత్రం కరెంటు అందదు.

రెండోది మానిటర్ కేబుల్. పాత ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉండి, కొత్తదాంట్లో లేకపోతే బోర్డు మీది హెచ్‌డీఎమ్‌ఐ పోర్టులోంచి ఎప్పటికీ బొమ్మ రాదు. ఇంటెల్‌లో పేరు చివర ఎఫ్ ఉన్నవాటిలో, ఉదాహరణకి ఐ5 12400ఎఫ్‌లో, గ్రాఫిక్స్ ఉండదు. ఏఎమ్4 రైజెన్‌లో పేరు చివర జి ఉంటేనే గ్రాఫిక్స్ ఉన్నట్టు. 5600జిలో ఉంటుంది, 5600లో ఉండదు. ఇలాంటి ప్రాసెసర్‌కి విడిగా గ్రాఫిక్స్ కార్డ్ తప్పనిసరి, మానిటర్ కేబుల్ కూడా ఆ కార్డులోనే పెట్టాలి. లెక్కలు రాసుకోవడానికి, సర్టిఫికెట్లు ప్రింట్ తీయడానికి వాడే మిషన్‌కి నా సలహా అయితే గ్రాఫిక్స్ ఉన్న ప్రాసెసరే తీసుకోమని. ఎఫ్ మోడల్‌లో మిగిలే డబ్బు కార్డుకి సరిపోదు.

సీమోస్, ర్యామ్

ప్లగ్ తీసి, బోర్డు మీద గుండ్రంగా ఉన్న సీఆర్2032 బ్యాటరీని అయిదు నిమిషాలు బయట పెట్టండి. ఆ బ్యాటరీ మూడు వోల్టులది, అయిదారేళ్ల నాటిదైతే కొత్తది వేయడమే మేలు, కిరాణా కొట్లో కూడా దొరుకుతుంది. దీంతో సీమోస్‌లో, అంటే సెట్టింగులు దాచుకునే చిన్న మెమరీలో ఉన్న బయోస్ సెట్టింగులు మొదటి స్థితికి వస్తాయి. పాత ప్రాసెసర్‌కి పెట్టుకున్న ర్యామ్ స్పీడ్ కొత్తదానికి సరిపడక ఆగిపోయి ఉంటే ఇది చాలు.

తర్వాత ఒక్క ర్యామ్ స్టిక్ మాత్రమే ఉంచండి. నాలుగు స్లాట్లు ఉన్న బోర్డుల్లో చాలావాటికి ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాట్ సరైనది. స్టిక్‌ని రెండు చివర్లా టక్‌మని శబ్దం వచ్చేదాకా నొక్కాలి. అంతర్వేది, ఓడలరేవు, ఉప్పాడ లాంటి సముద్రపు ఊళ్లలో ఉప్పు గాలికి ర్యామ్ అంచుల మీద పొర పడుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన మెత్తని గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాక పెట్టండి. రబ్బరుతో రుద్దడం మన షాపుల్లో మామూలే. రుద్దినా మెత్తని తెల్ల రబ్బరే వాడండి, దాని పొడి ఒక్క రేణువు కూడా స్లాట్‌లో పడకూడదు. స్లాట్లో, ఎస్‌ఎమ్‌పీఎస్ జాలీలో చీమలు, బల్లి గుడ్లు ఉన్నాయేమో కూడా ఒకసారి టార్చి వేసి చూడండి.

ఏఎమ్‌డీ ఏఎమ్5 సాకెట్, డీడీఆర్5 ర్యామ్ ఉన్న కొత్త మిషన్ అయితే మొదటిసారి ఆన్ చేసినప్పుడు ర్యామ్‌ని బోర్డు సరిచూసుకోవడానికి చాలా నిమిషాలు పట్టొచ్చు. స్క్రీన్ నల్లగానే ఉంటుంది. పావుగంటైనా ఓపిక పట్టండి, మధ్యలో స్విచ్ ఆపితే మళ్లీ మొదటికి వస్తుంది.

బోర్డు మీద సీపీయూ, డ్రామ్, వీజీఏ, బూట్ అని రాసిన చిన్న లైట్లు ఉంటే వాటిని చూడండి. ఏది వెలిగి ఉండిపోతే చిక్కు అక్కడే. సీపీయూ లైట్ ఆగితే బయోస్, పిన్నులు, కరెంటు కనెక్టర్. డ్రామ్ అయితే ర్యామ్, లేదా సాకెట్‌లో వంగిన పిన్ను.

పిన్నులు

ఇది ఓపికతో చేయాల్సిన పని. ఏఎమ్4 ప్రాసెసర్‌కి కింద 1331 పిన్నులుంటాయి. ప్రాసెసర్‌కి, హీట్‌సింక్‌కి మధ్య రాసిన పాత పేస్ట్ ఎండిపోయి హీట్‌సింక్‌కి అంటుకుంటే, హీట్‌సింక్ లాగగానే ప్రాసెసర్ లాక్‌లోంచి ఊడి దానితో పాటే వచ్చేస్తుంది. అందుకే తీసేముందు మిషన్‌ని కాసేపు నడిపి, పేస్ట్ వెచ్చబడ్డాక ఆపి, హీట్‌సింక్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ వదులు చేసి తీయాలి. నిటారుగా లాగకూడదు.

పిన్ను వంగి ఉంటే మంచి వెలుతురులో, అడ్డంగా పట్టుకుని చూడండి. వరుసలో ఒకటి తేడాగా ఉంటే కనిపిస్తుంది. సీసం తీసేసిన 0.5 లేదా 0.7 ఎమ్‌ఎమ్ పెన్ పెన్సిల్ గొట్టాన్ని ఆ పిన్ను మీద తొడిగి కొద్దికొద్దిగా నిలబెట్టండి. పలచని ప్లాస్టిక్ కార్డును రెండు వరుసల మధ్య నడిపినా దారికొస్తుంది. కన్ను సరిగా ఆనకపోతే మీ వీధి కంసాలి గారి దగ్గర కంటికి తగిలించుకునే భూతద్దం ఉంటుంది, అడగండి.

ఇంటెల్‌లోనూ, ఏఎమ్5లోనూ పిన్నులు ప్రాసెసర్‌కి ఉండవు, బోర్డు సాకెట్‌లోనే ఉంటాయి. అవి స్ప్రింగుల్లాంటివి, మరీ సన్నవి. ఫోన్ కెమెరా జూమ్ చేసి ఫోటో తీస్తే ఒకటి వేరే దిక్కుకి తిరిగి మెరుస్తుంది. వీటిని మీరు సరిచేయబోకండి, చేయి తిరిగినవాళ్లకి ఇవ్వండి.

ఆన్ అయి ఆగిపోతుంటే

కొన్ని సెకన్లలో ఆగిపోతోందంటే ముందు హీట్‌సింక్ చూడండి. ఇంటెల్ ఫ్యాన్‌కి నాలుగు మూలలా ఉండే పుష్ పిన్నుల్లో ఒక్కటి పూర్తిగా దిగకపోయినా హీట్‌సింక్ ప్రాసెసర్‌ని సరిగా తాకదు. బోర్డు వెనక నుంచి చూసి నాలుగూ దిగాయని నిర్ధారించుకోండి. కొత్త హీట్‌సింక్ అయితే కింద అతికించిన ప్లాస్టిక్ పొర తీశారా? పేస్ట్ శనగగింజంత చాలు. ఫ్యాన్ వైరు సీపీయూ ఫ్యాన్ అని రాసిన చోటే ఉండాలి, వేరేచోట పెడితే కొన్ని బోర్డులు ముందుకు కదలవు.

అవన్నీ బాగుంటే ఎస్‌ఎమ్‌పీఎస్‌ని అనుమానించండి. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చిన ఎస్‌ఎమ్‌పీఎస్ మీద 450 వాట్లని రాసి ఉన్నా అంత ఇస్తుందన్న నమ్మకం లేదు. 65 వాట్ల ప్రాసెసర్ తీసి 105 వాట్ల రైజెన్ 7 5800ఎక్స్ వేస్తే అది చేతులెత్తేయొచ్చు. స్నేహితుల దగ్గర మంచిది ఉంటే తెచ్చి ఒకసారి పెట్టి చూడండి.

లోగో వచ్చింది, విండోస్ రాలేదు

సీమోస్ బ్యాటరీ తీసినప్పుడు, బయోస్ అప్‌డేట్ చేసినప్పుడు బూట్ సెట్టింగులు మారిపోతాయి. పాత పద్ధతిలో విండోస్ ఎక్కించిన హార్డ్ డిస్క్ అయితే బయోస్‌లో సీఎస్‌ఎమ్ (పాత పద్ధతి బూట్‌కి వీలిచ్చే సెట్టింగ్) ఆన్‌లో ఉంటేనే బూట్ అవుతుంది. సాటా మోడ్ (డిస్క్‌తో బోర్డు మాట్లాడే పద్ధతి) ముందున్నట్టే ఉండాలి, మామూలుగా ఏహెచ్‌సీఐ. డిస్క్‌లో మీ డేటా అలాగే ఉంటుంది, ఎవరైనా ఫార్మాట్ చేసేద్దామంటే ఒప్పుకోకండి.

నీలం స్క్రీన్ మీద బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) రికవరీ కీ అడిగితే, అది 48 అంకెల నంబర్. విండోస్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి ఉంటే ఆ అకౌంట్‌లో సాధారణంగా దొరుకుతుంది, ఫోన్‌లో తెరిచి చూసుకోవచ్చు. ఏఎమ్‌డీ బోర్డుల్లో కొత్త ప్రాసెసర్ వేశాక ఎఫ్‌టీపీఎమ్ (ఆ తాళం చెవిని దాచే ఏర్పాటు) గురించి ఒక మెసేజ్ వచ్చి వై లేదా ఎన్ నొక్కమంటుంది. రికవరీ కీ చేతిలో ఉంటేనో, బిట్‌లాకర్ లేదని ఖాయంగా తెలిస్తేనో వై నొక్కండి. లేదంటే ఎన్ నొక్కి, మిషన్ ఆపి, పాత ప్రాసెసర్ మళ్లీ వేయండి. పాత తాళం దానితోనే తెరుచుకునే అవకాశం ఉంది. విండోస్‌లోకి వెళ్లాక బిట్‌లాకర్‌ని సస్పెండ్ చేసి, కీని కాగితం మీద రాసుకుని, అప్పుడు కొత్తది వేయండి. పెళ్లిళ్ల సీజన్‌లో వందల ఫోటోలున్న స్టూడియో మిషన్లకి ఇది ప్రాణాధారం. ప్రాసెసర్ మార్చడానికి ముందే డేటా వేరే డిస్క్‌లో కాపీ చేసుకుని ఉంటే ఇంకా మంచిది.

షాపుకి తీసుకెళ్లాల్సి వస్తే

ఇవన్నీ చూసినా రాకపోతే రాజమండ్రి, కాకినాడ, భీమవరంలో చేయి తిరిగిన షాపుకి వెళ్లండి. మిషన్‌తో పాటు రెండు ప్రాసెసర్లూ, బిల్లూ తీసుకెళ్లండి. పాత ప్రాసెసర్‌తో డిస్‌ప్లే వస్తోందా లేదా, బయోస్ వెర్షన్ ఎంత, ఏ లైట్ వెలుగుతోంది, ఈ మూడూ కాగితం మీద రాసి ఇస్తే వాళ్ల పని సగం అయిపోతుంది. కొత్త ప్రాసెసర్‌ని జాబితాలో సపోర్ట్ ఉన్న వేరే బోర్డులో మీ ఎదురుగానే పెట్టి చూడమని అడగండి. అక్కడా రాకపోతే ప్రాసెసరే పోయినట్టు. డబ్బాతో వచ్చిన కొత్త ఇంటెల్, ఏఎమ్‌డీ ప్రాసెసర్లకి సాధారణంగా మూడేళ్ల వారంటీ ఉంటుంది. పిన్నులు వంగి ఉంటే మాత్రం ఒప్పుకోరు, కాబట్టి ఇచ్చేముందు పిన్నుల వైపు ఫోటో తీసి ఉంచుకోండి. కొరియర్‌లోనో ఆర్టీసీ పార్సిల్‌లోనో పంపాల్సి వస్తే ప్రాసెసర్‌ని దాని ప్లాస్టిక్ గూటిలోనే పెట్టి, పైన కదలకుండా గట్టి అట్టపెట్టెలో సర్దండి.